చదవకుండా అర్థం చేసుకునే విధానం

షామీర్‌పేట మండలంలో పాఠం చదవకుండానే దాన్ని అర్థం చేసుకునే విధానం 2003 జూన్ పదహారో తేదీ సోమవారం నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు కూడా మండలంలో చాలామంది చదవకుండానే బతికారు. కాకపోతే దానికొక పద్ధతి, ఒక టైంటేబులు, మెడలో వేసుకోవడానికి ఒక గుర్తింపు కార్డు ఉండేవి కావు. ఆ లోటును మేడ్చల్ బస్టాండుకు దగ్గర్లో, సిమెంటు దుకాణం పైఅంతస్తులో వెలసిన అవగాహన అకాడమీ తీర్చింది.

అకాడమీ స్థాపకులు ఫణిభూషణ్ గారు. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి, గుండ్లపోచంపల్లి దగ్గరి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని, ఇతరుల పిల్లల భవిష్యత్తు మీద బెంగతో ఆ ఉద్యోగం మానేసిన త్యాగమూర్తి. ప్రారంభ సభలో ఆయన చేసిన ప్రసంగాన్ని చుట్టుపక్కల ఊళ్ల తల్లిదండ్రులు ఇప్పటికీ తలుచుకుంటారు.

"తల్లిదండ్రులారా! మీ పిల్లలు ఎందుకు వెనకబడిపోతున్నారో ఎప్పుడైనా ఆలోచించారా అండీ? తెలివి లేకా? కాదు. కష్టపడకా? కాదు. చదవడం వల్లండీ! పాఠం ఇచ్చారు కదా అని పాపం మొదటి నుంచి చివరిదాకా చదివేస్తున్నారు. ఈలోపు పక్కవాడు జవాబులు దిద్దేసి, ఇంటికెళ్లి, అన్నం తిని, చెయ్యి కడుక్కుంటున్నాడు!"

చప్పట్లు చాలాసేపు మోగాయి. కింద సిమెంటు బస్తాలు మోసే హమాలీలు కూడా ఆగి చప్పట్లు కొట్టారు.

ఆ సభలో చివరి వరుసలో, తండ్రి లక్ష్మణ్ పక్కన, దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ తృప్తి కూర్చుంది. ఆమెది మల్లన్నకుంట. ఆ ఊరి సర్కారు బడిలో పదో తరగతి. ఆమె ఎంత తక్కువ మాట్లాడుతుందంటే, బడిలో హాజరు పిలిచినప్పుడు 'ప్రజెంట్ సార్' కూడా పక్కనున్న అమ్మాయే చెప్పేది. ఇంట్లో ఎరువుల కంపెనీవాళ్లు లక్ష్మణ్‌కు ఉచితంగా ఇచ్చిన డైరీ ఒకటి ఉంది. నోటితో చెప్పనిదంతా ఆమె అందులో రాసుకునేది.

సంగతేమిటంటే, మరుసటి ఏప్రిల్‌లో పఠనావగాహన పరీక్ష అని ఒకటి రాబోతోంది. పన్నెండు పాఠాలు, అరవై ప్రశ్నలు, అరవై నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులిస్తారు, సరైన దాని ఎదురుగా ఉన్న గుండ్రాన్ని పెన్సిలుతో నల్లగా దిద్దాలి. యాభై నాలుగు వస్తే ఊరవతల చెట్ల మధ్య ఉన్న ఆవాస కళాశాలలో సీటు. ఆ కళాశాలలో ఒక పెద్ద గది నిండా, నేల నుంచి కప్పుదాకా, పుస్తకాలున్నాయని తృప్తి విన్నది. యాభై నాలుగు రాకపోతే లక్ష్మణ్ ఇప్పటికే ఫారం తెచ్చిపెట్టిన పట్నం హాస్టలు కాలేజీ. అక్కడ పిల్లల పెట్టెలు వెతికి, మెటీరియల్ కాని పుస్తకం ఏది కనిపించినా గేటు దగ్గర తీసేసుకుంటారు. దేశానికి డాక్టర్లు కావాలి గనుక ఇది సమంజసమే. కానీ తృప్తికి ఆ పెద్ద గది కావాలి. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. అది కూడా డైరీని తప్ప ఎవరినీ అడగలేదు.

అకాడమీలో మొదటి ఆదివారమే సూత్రాలు చెప్పారు. పాఠం చదవరాదు. ముందు ప్రశ్న చూడాలి, ప్రశ్నలో బరువైన మాట ఒకటి పట్టుకోవాలి, ఆ మాట పాఠంలో ఎక్కడుందో కంటితో వేటాడాలి, దొరకగానే పక్కనున్న జవాబు దిద్ది ముందుకు సాగాలి. మాట దొరకకపోతే మొదటి వాక్యం, ఆఖరి వాక్యం చూడాలి. మధ్యలో ఉన్నదంతా రాసినవాడి సొంత గొడవ, దానితో విద్యార్థికి సంబంధం లేదు. అప్పటికీ తేలకపోతే నాలుగు జవాబుల్లో పొడవైనది దిద్దాలి. అబద్ధం చెప్పేవాడికి అంత ఓపిక ఉండదని ఫణిభూషణ్ గారి పరిశోధనలో తేలింది.

తరువాత అభ్యాసం. పిల్లలంతా కాగితం మీద చూపును పై నుంచి కిందికి జారవిడవాలి. ఎవరి పెదవులు కదిలినా, ఎవరి కళ్లు ఒక వాక్యం మీద రెండు క్షణాలకు మించి ఆగినా నిలబడాలి. ఫణిభూషణ్ గారి అమ్మాయి అనూహ్య ఒక్కో పాఠాన్ని పదకొండు సెకన్లలో ముగించేది. ఆమెను కుర్చీ మీద నిలబెట్టి అందరికీ చూపించేవారు. తృప్తి కూడా నిలబడేది. కాకపోతే కుర్చీ మీద కాదు.

ఒక ఆదివారం ఇచ్చిన పాఠంలో ఒక ముసలమ్మ రెండు మేకపిల్లలను చంకన పెట్టుకుని, సంతకు వెళ్లే బస్సు కోసం ఎండలో నిలబడి ఉంటుంది. కండక్టరు మేకపిల్లలను ఎక్కనివ్వనంటాడు. ఆమె ఇంకో బస్సు కోసం చూస్తుంది. పాఠం అక్కడితో అయిపోయింది. ప్రశ్న: మేకపిల్లలు ఎన్ని? క్లాసంతా రెండు అని దిద్ది తల దించుకుని కూర్చుంది. అప్పుడు తృప్తి, పదిహేనేళ్ల జీవితంలో మొదటిసారి, అడక్కుండానే లేచి నిలబడింది.

"సార్... తర్వాత ఆమెకు బస్సు దొరికిందా?"

ఫణిభూషణ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అటువంటి కేసును ఆయన అంతకుముందు చూడలేదు. సాయంత్రానికల్లా లక్ష్మణ్‌కు కబురు వెళ్లింది.

"లక్ష్మణ్ గారూ, కంగారు పడకండి. మొదట్లోనే పట్టాం కాబట్టి సరిపోయింది. మీ అమ్మాయికి చదివే అలవాటుందండీ."

లక్ష్మణ్ ముఖం పాలిపోయింది. "మా ఇంట్ల ఎవ్వలికి లేదు సార్ గీ అలవాటు! మా నాయినకు లేదు, నాకు లేదు. యాడికెళ్లి అంటుకుందో ఏమో."

"ఇంట్లో పుస్తకాలేమైనా ఉన్నాయా?"

"దేవుని క్యాలెండరొక్కటే ఉంది సార్."

"దాన్ని కూడా కొన్నాళ్లు వెనక్కి తిప్పి పెట్టండి."

లక్ష్మణ్ చెప్పినది అక్షరాలా నిజం. ఆయన ఏ కాగితాన్నీ చదివిన మనిషి కాదు. ఒకప్పుడు ఆయనకు నాలుగెకరాల ద్రాక్షతోట ఉండేది. బోర్లు ఎండిపోయాక తోట తీసేసి, భూమిని వెంచరుకు ఇచ్చాడు. పందిరి మోసిన రాతి కడీలు ఇప్పుడు ప్లాట్లకు హద్దురాళ్లు. అగ్రిమెంటు ఇరవై రెండు పేజీలు. ఆయన ఏ అకాడమీకీ వెళ్లకుండానే, కేవలం సహజ ప్రతిభతో, మొదటి పేజీలో తన పేరు చూసి ఆఖరి పేజీలో సంతకం పెట్టాడు. పద్నాలుగో పేజీ ప్రకారం వాళ్లు ఉంటున్న ఇల్లు పిల్లల పార్కు. వెంచరువాళ్లు చాలా మర్యాదస్తులు. ఇంటి ముందు 'ఉద్యానవనం, పూలు కోయరాదు' అని పచ్చరంగు బోర్డు పాతి, ఇంకే ఇబ్బందీ పెట్టకుండా వెళ్లిపోయారు. తృప్తి తల్లి ఆ పార్కులోనే మిరపకాయలు ఎండబోస్తోంది. వచ్చిన చుట్టాలకు లక్ష్మణ్ ఆ బోర్డు గర్వంగా చూపిస్తాడు. ఊళ్లో ఇంకెవరి ఇంటికీ బోర్డు లేదు మరి.

ఇంట్లో ఆ అలవాటును ఎగదోస్తున్నది ఎవరంటే, వేలిముద్ర తప్ప సంతకం రాని జయమ్మ. లక్ష్మణ్ తల్లి. ఆదివారం సాయంత్రం మనవరాలు మేడ్చల్ బస్సు దిగి వచ్చేసరికి ఆమె అరుగు మీద కాళ్లు చాపుకుని సిద్ధంగా ఉండేది.

"ఇయ్యాల ఏం పాఠం ఇచ్చిండ్రే మీ సారు?"

తృప్తి ముసలమ్మ సంగతి చెప్పింది. జయమ్మ ఊపిరి బిగబట్టి వింది.

"ఇగ? బస్సు దొరికిందా లేదా?"

"అంతే అవ్వా. అక్కడికే అయిపోయింది."

"థూ, వానికి పుట్టగతులుంటయా! ఎండల ముసల్దాన్ని నిలవెట్టి పోయిండా? నీళ్లన్న తాపిండా ఎవడన్న? గా మేకపిల్లలకు గొంతు ఎండదా?" జయమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. చివరకు తృప్తి డైరీ తీసి, ఒక ట్రాక్టరువాడు ఆగి ముసలమ్మను, మేకపిల్లలను ఎక్కించుకున్నట్టు రాసి చదివి వినిపించాక గానీ ఆమె కంచం ముట్టలేదు. "గా ట్రాక్టరు పోరడు మంచోడే" అని ఒకటికి రెండుసార్లు అన్నది. పఠనావగాహన అంటే ఏమిటో ఆమెకు తెలియదు గనుక అలా వినేది.

పది నెలలు గడిచాయి. తృప్తి చాలా ప్రయత్నించింది. చూపు జారవిడిచేది, కానీ ఆ చూపు ఏదో ఒక మాటకు తట్టుకుని అక్కడే నిలబడిపోయేది. పరీక్ష రోజు అనూహ్య అరవై ప్రశ్నలూ తొమ్మిది నిమిషాల్లో ముగించి బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది. తృప్తి పన్నెండో పాఠంలో మొదటి ప్రశ్న దిద్దగానే గంట కొట్టారు.

ఆమె ఆలస్యానికి కారణం ఏడో పాఠం. అది ద్రాక్షతోట గురించి. ఎవరు రాశారో గానీ చెయ్యి తిరిగిన మనిషి. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి తీగలు కత్తిరించడం, పందిరి కింద పగటిపూట కూడా ఉండే ఆకుపచ్చ చీకటి, చివరకు బోర్లు ఒక్కొక్కటే గొంతు మూసుకోవడం, రైతు తీగలు నరికించిన రోజు పొలానికి వెళ్లకుండా ఇంట్లో ముసుగు పెట్టి పడుకోవడం. అన్నీ ఉన్నాయి. తృప్తి దాన్ని మూడుసార్లు చదివింది. నాయిన కూడా అలాగే పడుకున్నాడు ఆ రోజు. అప్పుడు ఆమెకు పదేళ్లు. జ్వరమనుకుంది.

ప్రశ్న: రైతు తోటను ఎందుకు తీసేశాడు? అ) తెగులు సోకడం వల్ల. ఆ) నీళ్లు లేక. ఇ) పట్టణాభివృద్ధి, జాతీయ ప్రగతి, భావితరాల గృహావసరాలను దృష్టిలో ఉంచుకుని స్వచ్ఛందంగా. ఈ) ధర రాక.

తృప్తి 'ఆ' దిద్దింది.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. అకాడమీ విద్యార్థులు నూట పన్నెండు మందిలో నూట పదకొండు మంది ఉత్తీర్ణులు. తృప్తికి యాభై ఒకటి. సమయం అందక వదిలేసినవి నాలుగు పోగా, ద్రాక్ష పాఠంలోని అయిదు ప్రశ్నలకు అయిదూ తప్పని తేల్చారు. పరీక్షల మండలి ప్రకటించిన జవాబుల పట్టికలో తోట ఎందుకు తీసేశాడన్న ప్రశ్నకు సరైన జవాబు 'ఇ'. విశ్వసనీయంగా తెలిసిందేమిటంటే, ఆ పట్టిక తయారుచేసే పని ఒక నిపుణుల సంఘానికి శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు అప్పగించారు. అయిదింటికి ఆఫీసు బస్సు. నిపుణులు కూడా మనుషులే, వాళ్లకూ ఇళ్లున్నాయి. ఏడో పాఠం దగ్గర వారు పొడవైన జవాబులను నమ్ముకున్నారు.

మార్కుల జాబితా చూడటానికి వచ్చినప్పుడు తృప్తి ధైర్యం చేసి అనూహ్యను అడిగింది. "ఏడో పాఠంలో నువ్వేం పెట్టినవ్?"

"ఏడోదా? ఏ పాఠమది?"

"ద్రాక్షతోట."

"అది ద్రాక్షతోట గురించా?" అని అనూహ్య నిజంగానే ఆశ్చర్యపోయింది. మంచి పిల్ల. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు, ఏ పాఠమూ లేదు.

అభ్యంతరాలకు పదిహేను రోజులు గడువిచ్చారు. ఇంట్లో లక్ష్మణ్ హాస్టలు ఫారం తీసి బల్ల మీద పెట్టి, "నీకు పదిహేను దినాలే బిడ్డా. ఆ తర్వాత ఇగ గీ పరేషాన్ వద్దు" అన్నాడు. తృప్తి నాలుగు పేజీల దరఖాస్తు రాసింది. పాఠంలోని వాక్యాలు ఎత్తి రాసి, గీతలు గీసి, నీళ్లు లేకనే తోట తీసేశారని, బోరు ఎండిపోయిందని పాఠంలోనే మూడు చోట్ల ఉందని వినయంగా మనవి చేసుకుంది.

ఆరు రోజుల్లో జవాబు వచ్చింది. ప్రభుత్వ వ్యవహారాల్లో జాప్యం ఉంటుందని నిందించేవారు గమనించాలి. 'తమ దరఖాస్తు క్షుణ్ణంగా పరిశీలించబడినది. తమ గ్రామంలో బోరు ఎండిపోయిన విషయమై తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపబడినది.'

తొమ్మిదో రోజు పొద్దున బోరు లారీ వచ్చింది. పార్కును చూసి ప్రజోపయోగ స్థలమని నిర్ధారించుకుని, మిరపకాయలు పక్కకు జరిపించి, లక్ష్మణ్ వాకిట్లోనే రంధ్రం మొదలుపెట్టారు. నాలుగు వందల అడుగుల దాకా దుమ్ము వచ్చింది. తరువాత ఇంకా మెత్తటి దుమ్ము వచ్చింది. జయమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "నువ్వు సీటు అడిగితే గీళ్లు బొంద తవ్విండ్రేందే!" అన్నది. కానీ ఊరు వేరుగా ఆలోచించింది. ఏ నాయకుడి వెంటా తిరగకుండా ఊరికి బోరు తెచ్చిన లక్ష్మణ్‌కు శాలువా కప్పి, వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడమన్నారు. సన్మానంలో మాట్లాడినవారెవరూ నీళ్ల ప్రస్తావన తెచ్చి సభ స్థాయిని దించలేదు.

గడువు ఇంకా ఆరు రోజులుంది. తృప్తి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తేడా ఎవరూ కనిపెట్టలేదు. మూడో రోజు ఆమె తెల్లకాగితం తీసుకుని, అకాడమీలో పది నెలలు నేర్చుకున్నదాన్ని మొదటిసారి సక్రమంగా ప్రయోగించింది. రాశాక అరుగు మీద అవ్వకు చదివి వినిపించింది.

"'గౌరవనీయులైన అధికారి గారికి, విద్యారంగంలో తమ సేవలు చిరస్మరణీయం.' ఇది మొదటి వాక్యం అవ్వా."

"మంచిగుంది. గంత పెద్దోడా ఆయన?"

"తెలువదు. ఆఖరి వాక్యం, 'కావున నాకు ఆవాస కళాశాలలో సీటు మంజూరు చేస్తూ ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా ప్రార్థన.'"

"మరి నడిమిట్ల?"

తృప్తి గొంతు తగ్గించింది. "'అయ్యా, ఏడో పాఠానికి జవాబులు పెట్టినవాళ్లు ఆ పాఠం చదవలేదు. నా మొదటి దరఖాస్తు కూడా ఎవరూ చదవలేదు. ఇది కూడా చదవరని నాకు తెలుసు. ఒకవేళ ఎవరైనా ఈ వాక్యం దాకా చదివితే, దయచేసి ఈ దరఖాస్తును తిరస్కరించగలరు. నాకు సీటు రాకపోయినా, ఒకరు చదివారని తెలుస్తుంది.'"

జయమ్మ చాపిన కాళ్లు ముడుచుకుంది. "ఓ పిచ్చి పొల్లా! ఎవడన్న సదివితే సీటు పోతది గదనే!"

"పోతది."

"మరి ఎందుకు రాసినవ్? కొట్టెయ్ గా ముక్క."

తృప్తి కాగితం మడిచింది. "ఆ పాఠం రాసినాయన ఎంత మంచిగ రాసిండవ్వా" అని మాత్రం అన్నది. జయమ్మకు ఆ జవాబు అర్థమైందో లేదో, మనవరాలి తల మీద చెయ్యి వేసి, "సరే తియ్. పంపు" అన్నది.

గడువు ముగిసే రోజు పోస్టు వచ్చింది. తృప్తి కవరు చేతిలో పట్టుకుని తెరవకుండా నిలబడింది. అప్పుడు ఆమెకే తెలియలేదు, లోపల ఏ మాట ఉండాలని కోరుకుంటోందో. లక్ష్మణ్ లాక్కుని చింపి, ఆఖరి వరుస చూశాడు. 'క్షుణ్ణంగా పరిశీలించి, ఆమోదించడమైనది.' కింద ముగ్గురు అధికారుల సంతకాలు, ముగ్గురి ముద్రలు. ఇల్లంతా సంబరం. తల్లి పార్కులో పొయ్యి పెట్టి పాయసం వండింది. తృప్తి కూడా నవ్వింది, రెండు గిన్నెల పాయసం తిన్నది. జయమ్మ ఒక్కతే ఆమెను దగ్గరికి పిలిచి, "ముగ్గుర్ల ఒక్కడు సుత సదవలేదానే?" అని చెవిలో అడిగింది. తృప్తి తల అడ్డంగా ఊపింది.

ఆవాస కళాశాలలో పెద్ద గది నిజంగానే ఉంది. అందులో పుస్తకాలు నిజంగానే నేల నుంచి కప్పుదాకా ఉన్నాయి. తృప్తి అక్కడే ఎక్కువగా కనబడుతోంది గనుక ఆమె సంగతి మనకు బెంగ లేదు.

ఈ విజయాన్ని అకాడమీ వదులుకోలేదు. నూట పన్నెండుకు నూట పన్నెండు అని బస్టాండు గోడ మీద రాయించి, ఆ దరఖాస్తు నకలు తెప్పించి, 'అభ్యంతరాలకు ఆదర్శ దరఖాస్తు' అనే శీర్షికతో తమ గైడులో యథాతథంగా అచ్చువేసింది. ఫణిభూషణ్ గారు ముందుమాటలో ఆ దరఖాస్తు ఆరంభాన్ని, ముగింపును ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మరుసటి ఏడు మేడ్చల్ నుంచి కుత్బుల్లాపూర్ దాకా నాలుగు వందల పద్దెనిమిది మంది విద్యార్థులు దాన్ని చూసి రాసి, పేరు మార్చి పంపారు. ప్రతి దానిలోనూ, ఎవరైనా చదివితే తిరస్కరించమని స్పష్టంగా ఉంది. నాలుగు వందల పదిహేడు ఆమోదం పొందాయి.

మిగిలిన ఒక్కటి లాల్‌గడి మలక్‌పేట్‌కు చెందిన ఒక అమ్మాయిది. ఆమె గైడులోంచి ఎక్కించి రాస్తూ రాస్తూ, ఏం రాస్తోందో చదివి, ఉలిక్కిపడి, ఆ వాక్యాన్ని కొట్టేసి పంపింది. కొట్టివేతలున్న దరఖాస్తులు చెల్లవని నిబంధన ఉండటంతో దాన్ని తిప్పి పంపారు. అకాడమీ తన రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా, కారణం అనే గడిలో, 'అవగాహన లోపం' అని రాసుకుంది.